తార్నాకలో ఉండి రీయూనియన్ ద్వీపం కింద మోహోను వెతికాను: నా అనుభవం

జియోఫిజిక్స్ చదువుతున్నానని చెబితే మా బంధువుల్లో చాలామంది అడిగేది ఒకటే: బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చెప్పగలవా అని. ఆ ప్రశ్న మీద నాకు గౌరవమే ఉంది. నీటికి కటకటలాడే ఊళ్ళలో ఈ శాస్త్రం గడప తొక్కేది ఆ పనితోనే. కానీ ఎమ్మెస్సీ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు నేను తీసుకున్న విషయం వేరు. మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న రీయూనియన్ అనే అగ్నిపర్వత ద్వీపం కింద భూపటలం ఎంత మందం, దాని అడుగు ఎలా ఉంది అన్నది అందులోని ప్రశ్న. మా పెదనాన్న వినగానే, "తార్నాకలో గది తీసుకుని ఉంటూ, సముద్రం అవతలి దీవి కింద ఏముందో ఎలా చూస్తావురా?" అని అడిగారు. ఆయనకు ఫోనులో విడతలు విడతలుగా చెప్పిన సంగతులే ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

ముందు రీయూనియనే ఎందుకో చెప్పాలి. హైదరాబాదు నిలబడింది గ్రానైట్ మీద. గోల్కొండ, మౌలాలి గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు. అక్కడి నుంచి పడమటికి బస్సులో వికారాబాద్ వెళ్ళి, మూసీ పుట్టే అనంతగిరి కొండలెక్కితే రాయి మారిపోతుంది. ఎర్రమట్టి కింద నల్లటి బసాల్టు. అది దక్కన్ ట్రాప్స్ అంచు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట, భారత ఫలకం (భూమి పైపెంకులో నెమ్మదిగా జరుగుతుండే పెద్ద పలకల్లో మనది) ఇంకా దక్షిణార్ధగోళంలో ఉన్నప్పుడు పొంగిన లావా. ఆ లావాకు మూలమైన హాట్‌స్పాట్, అంటే భూమి లోతుల్లోంచి వేడి శిలాద్రవం పైకి వస్తుండే చోటు, ఈనాటికీ చల్లారలేదని, అది ఇప్పుడు రీయూనియన్ కింద ఉందని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తారు. దాని మీదుగా ఫలకాలు జరిగిపోతుంటే వెనుక మిగిలిన జాడే లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్, ఆ తర్వాత మారిషస్. దక్షిణానికి పోయేకొద్దీ రాళ్ళ వయసు తగ్గుతుంది. చివర రీయూనియన్‌లో పిటాన్ దె లా ఫూర్నేజ్ ఇప్పటికీ తరచుగా బద్దలవుతూనే ఉంది. అనంతగిరిలో నేను చేత్తో తాకిన రాయికీ ఆ అగ్నిపర్వతానికీ ఒకే మూలం ఉందన్న మాట నన్ను వదల్లేదు.

అగ్నిపర్వత ద్వీపం అనగానే మన దగ్గర చాలామంది అండమాన్‌లోని బ్యారన్ ద్వీపాన్ని గుర్తుచేస్తారు. అది వేరే జాతి. ఒక ఫలకం మరో ఫలకం కిందికి దిగిపోయే చోట పుట్టిన అగ్నిపర్వతం అది. రీయూనియన్ ఫలకం అంచున కాదు, నడిమధ్యన లేచింది. రెండింటి అడుగు నిర్మాణాన్ని ఒకే తీరుగా ఊహించుకోకూడదు.

ఇక అసలు ప్రశ్న. భూపటలానికీ దాని కిందనున్న ప్రావారానికీ (మాంటిల్) మధ్యనున్న సరిహద్దును మోహో అంటారు. 1909లో జాగ్రెబ్ సమీపంలో వచ్చిన భూకంపపు రికార్డులను పరిశీలించి ఆండ్రియా మొహొరోవిచిచ్ దీన్ని కనుగొన్నాడు. ఆ సరిహద్దు దాటగానే భూకంప తరంగాల వేగం ఒక్కసారిగా పెరిగి సెకనుకు 8 కిలోమీటర్లకు చేరుతుంది. ఖండాల కింద మోహో సాధారణంగా 30 నుంచి 40 కిలోమీటర్ల లోతున ఉంటుంది. సముద్రపు పటలం మందం మాత్రం 6, 7 కిలోమీటర్లే. రీయూనియన్ చుట్టూ సముద్రం లోతు సుమారు 4 కిలోమీటర్లు. దాని అడుగున 7 కిలోమీటర్ల పటలం ఉందనుకుంటే మోహో సముద్రమట్టానికి 11 కిలోమీటర్ల కింద ఉండాలి. అయితే ఆ పటలం మీద ఒక మహాపర్వతం కూర్చుంది. పిటాన్ దె నేజ్ శిఖరం నీటిపైన 3,070 మీటర్లు. సముద్రపు అడుగు నుంచి లెక్కిస్తే 7 కిలోమీటర్లు. అంత బరువుకు ఫలకం కిందికి వంగాలి. హవాయి దీవుల్లో వంగింది కూడా. అక్కడి పెద్ద దీవి కింద మోహో 18 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. రీయూనియన్ దగ్గర 1990ల్లో ఓడలతో చేసిన సర్వేల్లో మాత్రం ఆశించినంత వంపు కనబడలేదు.

ఇంకో చిక్కు ఉంది. కింది నుంచి వచ్చే శిలాద్రవమంతా పైకి రాదు. కొంత మోహో దగ్గరే ఆగి, పటలం అడుగున పొరలా గడ్డకట్టుకుంటుంది. ఆ పొరలో తరంగ వేగం పటలానికీ ప్రావారానికీ మధ్యస్థంగా, సెకనుకు దాదాపు 7.5 కిలోమీటర్లు ఉంటుంది. పైకి వచ్చిన లావాను మాత్రమే కొలిస్తే హాట్‌స్పాట్ ఎంత శిలాద్రవాన్ని పుట్టించిందో సగమే తెలిసినట్టు. మిగతా లెక్క అడుగున ఉంటుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే.

దీన్ని చూడటానికి రెండు దారులు. ఒకటి ఓడలో వెళ్ళి, ఎయిర్‌గన్‌తో నీటిలో పేలుళ్ళు చేస్తూ, సముద్రపు అడుగున దించిన సీస్మోమీటర్లతో (నేల కంపనాలను నమోదు చేసే పరికరాలతో) ఆ తరంగాలను పట్టుకోవడం. ఫ్రెంచి, జర్మన్ శాస్త్రజ్ఞులు రమ్-రమ్ అనే ప్రయోగంలో, కృత్రిమ పేలుళ్ళతో కాకుండా సహజ భూకంపాలను వినడానికి, 2012, 2013 సంవత్సరాల్లో రీయూనియన్ చుట్టూ ఇలాంటివి 57 దించారు. ఓడ ఖర్చు విద్యార్థి ఊహకు కూడా అందదు. రెండో దారి, దీవి మీద నడుస్తున్న ఏదైనా ఒక్క భూకంప స్టేషన్ రికార్డులు తీసుకుని, వేల కిలోమీటర్ల దూరంలో వచ్చిన భూకంపాల తరంగాలు దాని కింద ఏ మార్పులకు లోనయ్యాయో చూడటం. ఫ్రాన్స్ నడిపే జియోస్కోప్ అనే భూకంప స్టేషన్ల వ్యవస్థకు రీయూనియన్‌లో ఆర్ఈఆర్ అనే స్టేషన్ ఉంది. దాని డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. నాకు ఆ దారి చాలనిపించింది.

మా గైడ్ మేడమ్ ఒక షరతు పెట్టారు. "రీయూనియన్ తర్వాత. ముందు హెచ్‌వైబీ చేసి చూపించు" అన్నారు. హెచ్‌వైబీ అంటే హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఆవరణలో ఉన్న స్టేషన్. అది కూడా జియోస్కోప్ వ్యవస్థలోనిదే. నా గది నుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరం. దాని కింద ఏముందో ఇప్పటికే బాగా తెలుసు కాబట్టి, నా ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో అక్కడే తేలిపోతుందని ఆవిడ ఆలోచన. ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ నేను ఇదే చెబుతాను: జవాబు తెలిసిన చోట మొదలుపెట్టండి.

పద్ధతి పేరు రిసీవర్ ఫంక్షన్. భూకంపం నుంచి అన్నిటికన్నా ముందు చేరే తరంగాన్ని పి అని, దాని వెనక నెమ్మదిగా వచ్చేదాన్ని ఎస్ అని అంటారు. దూరపు భూకంపం నుంచి వచ్చే పి తరంగం దాదాపు నిట్టనిలువుగా స్టేషన్ కిందికి చేరుతుంది. మోహోను దాటేటప్పుడు దానిలో కొంత భాగం ఎస్ తరంగంగా మారుతుంది. ఎస్ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి కాస్త వెనకబడి చేరుతుంది. ఆ ఆలస్యమే మోహో లోతుకు కొలమానం. వినడానికి ఇంత సులువు. కానీ సీస్మోగ్రామ్ (స్టేషన్ నమోదు చేసిన కంపనాల గీత) మీద అది నేరుగా కనబడదు. గోల్కొండ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా స్పష్టంగా వినబడుతుంది. అదే కింద ఎవరో ఆపకుండా డోలు వాయిస్తుంటే ఏది అసలు దెబ్బో ఏది ప్రతిధ్వనో పైనున్నవాళ్ళకు అంతుపట్టదు. పెద్ద భూకంపం చప్పట్లా ఉండదు, డోలులా పదుల సెకన్లపాటు మోగుతుంది. నిలువు కదలికను నమోదు చేసే భాగంలో ప్రధానంగా ఆ డోలు చప్పుడే ఉంటుంది. భూకంపం వచ్చిన దిశలో అడ్డంగా కదిలే భాగంలో డోలుతో పాటు ఎస్‌గా మారిన తరంగాలు కూడా ఉంటాయి. రెండో దాని నుంచి మొదటిదాన్ని గణితంతో విడదీయడమే డీకన్వల్యూషన్. అలా మిగిలిన గీతనే రిసీవర్ ఫంక్షన్ అంటారు. నేను వాడింది 1999లో లిగోరియా, అమ్మన్ ప్రచురించిన విధానం. అన్నిటికన్నా పెద్ద శిఖరాన్ని ముందు పట్టుకుని, దాని ప్రభావాన్ని తీసేసి, మిగిలినదానిలో పెద్దదాన్ని మళ్ళీ పట్టుకుంటూ పోతుంది.

భూకంపాల ఎంపిక కూడా నియమం ప్రకారమే. స్టేషన్ నుంచి 30 నుంచి 90 డిగ్రీల దూరం, అంటే సుమారు 3,300 నుంచి 10,000 కిలోమీటర్లు. తీవ్రత 5.5కు పైన. హైదరాబాదుకు జపాన్ చక్కగా సరిపోతుంది, దాదాపు 59 డిగ్రీలు. ఉత్తర సుమత్రా మాత్రం మరీ దగ్గర. డేటా దించడానికి పైథాన్‌లో ఆబ్స్‌పై అనే ఉచిత ప్యాకేజీ వాడాను. దించుకోవడం మీద ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. అసలు పని ఆ తర్వాత, ఒక్కో రికార్డునూ కంటితో చూసి పనికిరానివి తీసేయడంలో ఉంది. ఈ పనిని కంప్యూటర్‌కు అప్పగించవద్దని ల్యాబులో ఉండే సీనియర్ అన్న గట్టిగా చెప్పాడు. సంకేతం, రొద ఎలా ఉంటాయో కంటికి అలవాటయ్యేది అప్పుడే.

హెచ్‌వైబీ ఫలితం వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. పి తర్వాత సరిగ్గా 4 సెకన్ల దగ్గర ఒక నిటారు శిఖరం. ఏ దిశ నుంచి వచ్చిన భూకంపం తీసుకున్నా అదే చోట. 13, 14 సెకన్ల మధ్య మరో శిఖరం. అది తరంగం ఒకసారి నేలకు తగిలి, మళ్ళీ మోహో దాకా దిగి వచ్చిన ప్రతిఫలనం. 2000లో లుపేయ్ ఝు, హిరూ కనామోరి ఇచ్చిన పద్ధతిలో ఈ రెండింటినీ కలిపి చూస్తే పటలం మందంతో పాటు పి, ఎస్ వేగాల నిష్పత్తి కూడా తేలుతుంది. పటలం 33, 34 కిలోమీటర్లు; నిష్పత్తి 1.73 చుట్టుపక్కల, గ్రానైట్ లాంటి రాళ్ళకు తగ్గట్టే. అచ్చయిన పరిశోధనల్లోనూ ఇదే. మన కాళ్ళ కింద మోహో అంత పదునుగా, బల్లపరుపుగా ఉందని తెరమీద చూసినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను.

రీయూనియన్ దగ్గర ఆ పదును కనబడలేదు. దీవికి నలువైపులా సముద్రమే. అలల వల్ల భూమిలో నిరంతరం పుట్టే సన్నని కంపనాల శక్తి ఎక్కువగా 5 నుంచి 10 సెకన్ల ఆవర్తన కాలంలో ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. దక్షిణ సముద్రాల్లో చలికాలపు పెనుగాలులు మొదలైతే మళ్ళీ ఎత్తయిన అలలు. హెచ్‌వైబీలో నిశ్చింతగా ఉంచుకునే తీవ్రత గల భూకంపాలు ఇక్కడ రొదలో మునిగిపోయాయి. ఒక్క మేలు మాత్రం ఉంది: భూకంపాలు చాలా దిశల నుంచి దొరికాయి. సుమత్రా ఇక్కడికి 46 డిగ్రీలు, హిందూకుష్ 59, దక్షిణ శాండ్విచ్ దీవులు 68. ఏళ్ళ తరబడి రికార్డులు ఉండటంతో ఎన్నింటిని తీసేసినా మిగిలినవి పనికి సరిపోయాయి.

అసలు కష్టం లెక్కలోనే ఉంది. 34 కిలోమీటర్ల పటలానికి 4 సెకన్ల ఆలస్యం వస్తే, 12 కిలోమీటర్లకు వచ్చేది 1.4 సెకన్లే. 7 కిలోమీటర్లకైతే 0.8. డీకన్వల్యూషన్ తర్వాత పి శిఖరానికే ఒక సెకను పైగా వెడల్పు ఉంటుంది. మోహో నుంచి వచ్చిన సంకేతం దాని భుజం మీద చిన్న ఉబ్బులా మిగులుతుంది. ఫిల్టరు కాస్త తెరిచి ఎక్కువ పౌనఃపున్యాలను లోపలికి రానిస్తే ఉబ్బు విడిపోతుంది, కానీ దానితో పాటు దీవి పైపొరల గోల కూడా వస్తుంది. అగ్నిపర్వతం పైభాగమంతా గుల్లబారిన లావా, బూడిద, విరిగిన రాళ్ళు. వాటిలో వేగం బాగా తక్కువ కాబట్టి తరంగం అక్కడే ఇటూ అటూ కొట్టుకుని మొదటి రెండు సెకన్లలో తన సొంత శిఖరాలను పుట్టిస్తుంది. కచ్చితంగా మోహో ఉండవలసిన చోటే.

ఇంకొక ఉచ్చు గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే ఖండాల మీద పని నేర్చుకున్నవాళ్ళు సులువుగా పడేది ఇందులోనే. 12 కిలోమీటర్ల పటలంలో ఒకసారి ప్రతిఫలించి వచ్చే తరంగం 4.8 సెకన్లకు చేరుతుంది. అంటే హైదరాబాదులో మోహో కనబడే చోటికి దగ్గర్లోనే. అలవాటుగా చూసే కన్ను దాన్నే మోహో అనుకుంటే దీవి కింద పటలం 40 కిలోమీటర్లని తేలుతుంది. దీన్ని తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. భూకంపం దూరమయ్యేకొద్దీ తరంగం మరింత నిలువుగా వస్తుంది; అప్పుడు నేరుగా మారిన ఎస్ కొంచెం ముందుకు జరుగుతుంది, ప్రతిఫలించినది వెనక్కు జరుగుతుంది. దూరం ప్రకారం రికార్డులన్నీ పేర్చి చూస్తే ఆ 4.8 సెకన్ల శిఖరం వెనక్కే వాలింది. అది చూశాక మనసు కుదుటపడింది.

దిశ ప్రకారం పేర్చినప్పుడు మరో సంగతి బయటపడింది. ఈశాన్యం నుంచి వచ్చిన తరంగాలకూ నైరుతి నుంచి వచ్చినవాటికీ మొదటి ఉబ్బు ఒకే రూపంలో లేదు. భూకంప దిశకు లంబంగా ఉండే భాగంలో హెచ్‌వైబీ దగ్గర దాదాపు ఏమీ కనబడదు, ఇక్కడ గణనీయమైన శక్తి ఉంది. పొరలు ఏటవాలుగా ఉన్నాయని గానీ, వేగం దిశను బట్టి మారుతోందని గానీ దీని అర్థం. ఒక్క స్టేషన్‌తో ఈ రెండింటిలో ఏదో తేల్చలేం. అందుకే అన్ని దిశలనూ కలిపి సగటు తీసే ఆలోచన మానేసి, దిశలవారీగా గుంపులు చేసి విడివిడిగా లెక్కించాను. సగటు గీత చూడటానికి నునుపుగా, అందంగా ఉంటుంది. దీవి గురించి అది చెప్పేది తక్కువ.

ఆ తర్వాత వేగాల నమూనా కట్టే పని. పొరలు ఊహించి, వాటి నుంచి రావలసిన రిసీవర్ ఫంక్షన్‌ను లెక్కగట్టి, అసలుదానితో పోల్చి, సరిదిద్దుతూ పోవడం. ఒకే రికార్డుకు చాలా భిన్నమైన నమూనాలు సమానంగా సరిపోతాయని 1990లోనే అమ్మన్, రాండల్, జాండ్ట్ హెచ్చరించారు. లోతు పెంచి వేగం పెంచినా, లోతు తగ్గించి వేగం తగ్గించినా ఆలస్యం అంతే ఉంటుంది. అందుకని ఓడల సర్వేల్లో వచ్చిన వేగాలను పైపొరలకు కట్టుబాటుగా పెట్టుకున్నాను. దానితో పాటు ఎదురు పరీక్ష ఒకటి చేశాను. అడుగున మధ్యస్థ వేగం పొర లేని నమూనా, 2 కిలోమీటర్ల పొర ఉన్నది, 4 కిలోమీటర్ల పొర ఉన్నది, ఇలా కృత్రిమ రికార్డులు తయారుచేసి, వాటికి ఆర్ఈఆర్ స్టేషన్ అసలు రొదనే కలిపి, తేడా కనబడుతుందో లేదో చూశాను. సెకనుకు ఒక కంపనం ఉన్న ఎస్ తరంగం పొడవు పటలంలో 3.7 కిలోమీటర్లు. దానితో పోలిస్తే మరీ పలుచని పొరను ఈ పద్ధతి చూడలేదు. 2 కిలోమీటర్ల పొర ఉందా లేదా అన్నది రొదలో కలిసిపోయింది. 4 కిలోమీటర్ల పొర ఉంటే మాత్రం స్పష్టంగా తెలిసింది.

మోహో అనే మాటను నేను కొత్తగా అర్థం చేసుకున్నది ఇక్కడే. హైదరాబాదు కింద అది ఒక గీత. అగ్నిపర్వత ద్వీపం కింద అది కొన్ని కిలోమీటర్ల మందమున్న మండలం. పాత సముద్రపు పటలం ముగిసే చోటు ఒకటి, అడుగున గడ్డకట్టిన శిలాద్రవం ముగిసే చోటు మరొకటి. ఈ రెండింటి మధ్య వేగం మెట్టులా పెరగకుండా వాలులా పెరుగుతుంది. నా ఫలితంలో పై సరిహద్దు 11, 12 కిలోమీటర్ల దగ్గర నిలకడగా వచ్చింది. కింది సరిహద్దు కొన్ని దిశల్లో తెలిసింది, కొన్నిటిలో తెలియలేదు. పట్టికలో ఒకే గడి ఉంటే అందులో ఏదో ఒక అంకె వేయాలన్న ఒత్తిడి ఉంటుంది. చాలా పట్టికలు అలాగే తయారవుతాయి. మేడమ్‌తో మాట్లాడి నా నివేదికలో ఆ గడిని రెండుగా చీల్చాను. ఒకదానిలో పై లోతు, రెండోదానిలో కింది లోతు, ఏ దిశల్లో కనబడిందో పక్కనే. ఈ పనిలో నేను గట్టిగా నిలబడే నిర్ణయం అదొక్కటే.

వైవాకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు సరిగ్గా ఆ పట్టిక దగ్గరే ఆగారు. "ఒక్క అంకె చెప్పమంటే ఏది చెబుతారు?" అని అడిగారు. దేనికి వాడతారో తెలిస్తే చెప్పగలనన్నాను. ద్వీపం కింద వచ్చే చిన్న భూకంపాల స్థానాలు లెక్కించేవారికి రెండు సరిహద్దులూ, మధ్యలోని వేగమూ కావాలి. సముద్రపు ఫలకం ఎంత వంగిందో చూసేవారికి పాత పటలం అడుగు, అంటే పై అంకె కావాలి. హాట్‌స్పాట్ పుట్టించిన శిలాద్రవం మొత్తాన్ని లెక్కవేసేవారికి కింది అంకె లేకపోతే లెక్కే రాదు. ఆయన కాసేపు పట్టిక చూసి, ఉపరితల తరంగాలను (నేల పైపొరల వెంట పాకే భూకంప తరంగాలను) ఎందుకు కలపలేదని అడిగారు. రిసీవర్ ఫంక్షన్‌కు వేగం ఎక్కడ మారిందో తెలుస్తుంది, ఎంత వేగమో సరిగా తెలియదు. ఉపరితల తరంగాలకు సగటు వేగం తెలుస్తుంది, సరిహద్దు తెలియదు. రెండూ కలిపితే నమూనాల మధ్య ఎంపిక చాలావరకు తగ్గుతుంది. రమ్-రమ్ ప్రయోగపు డేటా ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి దీవి చుట్టూ ఉన్న సముద్రాన్ని కూడా చేర్చవచ్చని చెప్పాను. ఆ పని మొదలుపెట్టాను. ప్రస్తుతం సముద్రపు అడుగున పెట్టిన సీస్మోమీటర్ల అడ్డు భాగాలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో లెక్కగడుతున్నాను. నీళ్ళలోకి జారవిడిచినప్పుడు అవి ఎటు తిరిగి దిగాయో ఎవరూ చూడలేరు, దిక్కు తెలియకుండా రిసీవర్ ఫంక్షన్ రాదు.